ఒకటిని ముందు రాయండి

పుట 0

ఈ దినచర్య మొదటి పుటకి సున్నా వెయ్యాలా, ఒకటి వెయ్యాలా అని రెండు రోజులు ఆలోచించాను. లెక్కపెట్టే సంఖ్యల్లో సున్నా చేరుతుందా, చేరదా అన్న విషయంలో నాకు ముప్పై ఏళ్ళుగా ఒక గట్టి అభిప్రాయం ఉంది. అది ఏడాదికోసారి మారుతుంటుంది. చివరికి మా ఆవిడ రాజ్యం, "ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి సున్నా అనే వేసుకోండి, వేసి వెళ్ళి ఇంటికప్పు మీద పేరుకున్న ఉప్పు గీకండి" అని తేల్చేసింది.

నేను ఈ తెప్పకి నిర్వచనాల గుమాస్తాని. పేరు జగ్గారావు. ఒడ్డు ఉన్న రోజుల్లో నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను కాబట్టి జనం ఇప్పటికీ మేస్టారనే పిలుస్తారు. ఏ మాటకి ఏ అర్థమో రాసి తూనికకి అప్పజెప్పడం నా ఉద్యోగం. తూనిక అంటే మా యంత్రం. తెప్ప ఎంత మునిగింది, తాగేనీళ్ళు ఎన్నున్నాయి, ఎవరు ఏ తెప్ప మీద ఉండాలి, అన్నీ అదే చూస్తుంది. దానికి జాలి లేదు, చుట్టరికం లేదు, నేను రాసిచ్చిన నిర్వచనం తప్ప మరో జ్ఞానం లేదు. అందుకే మా ఇద్దరికీ బాగా పడుతుంది.

పుట 1

పొద్దున్న కప్పు మీద ఉప్పు గీకుతుంటే కింద పైడితల్లి డ్రమ్ములు కొట్టుకుంటూ వస్తున్న చప్పుడు వినబడింది. తెప్పని మోసే నూటపది డ్రమ్ములనీ రోజూ చెక్కసుత్తితో తట్టి, చప్పుడు విని, ఏది బాగుందో ఏది కారుతోందో చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కతే. మాఘంలో భర్త పోయాడు. ఆ మర్నాడు కూడా సుత్తి పట్టుకుని వచ్చింది.

మా ఇంటి కింద ఆగి, "మేస్టారూ, అరవయ్యొకటో డ్రమ్ము పోనాది. గాలి వదిలీస్తన్నాది. తూనికకి సెప్పండి" అంది.

"అరవై ఒకటా? అది ప్రధాన సంఖ్య, తెలుసా?" అన్నాను.

ఆవిడ "అయితే కారడం మానేస్తాదేటి?" అని అడిగి, అరవై రెండో డ్రమ్ముకి వెళ్ళిపోయింది.

తూనికకి చెప్పాను. వానలు వెళ్ళేదాకా ఆ డ్రమ్ము బాగుచెయ్యడం కుదరదట. ఈలోగా తెప్ప మీంచి యాభై కిలోలు దిగాలట. అవతలి తెప్పకి వెళ్ళే పడవ పదిరోజుల్లో వస్తుంది. దాంట్లో ఎవర్ని పంపాలో రేపు చెబుతానంది.

పుట 2

మనుషుల్ని కాక సామాన్లు దింపవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. సామాన్లు ఏనాడో అయిపోయాయి. పోయినేడు రోకళ్ళు కూడా వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఇంటికి ఒక చాప, రెండు గిన్నెలు, మనిషికో కంచం. నా పుస్తకాల పెట్టె ఒకటి ఉంది గానీ అది సామాను కిందికి రాదు. అది తెప్పలో భాగం. అలాగని నిర్వచించింది నేనే.

ఇక ఎవర్ని దింపాలన్నది. మొదట్లో దీనిమీద తలకాయలు పగిలేవి. తెప్ప నడిపే సరంగు చుట్టాలు ఎప్పుడూ దిగరని గొడవ. అప్పుడు నేను ముందుకొచ్చి, ఎవరి చెయ్యీ పడని ఒక సూత్రం చెప్పాను. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. అది అందరూ ఒప్పుకున్న మాట. కాబట్టి ఒక కుటుంబాన్ని సమాన భాగాలు చేసినప్పుడు ప్రతి భాగంలోనూ కనీసం ఇద్దరుండాలి. నలుగురైతే ఇద్దరూ ఇద్దరూ. ఆరుగురైతే ముగ్గురూ ముగ్గురూ. అయిదుగురున్న ఇంటిని అలా విడగొట్టలేం, ఏడుగురున్న ఇంటినీ విడగొట్టలేం. అంటే ప్రధాన సంఖ్య ఉన్న ఇల్లు కదలదు. తక్కినవి కదలవచ్చు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మీద నేను ఇరవై ఏళ్ళు బతికాను.

జనం నాకంటే తెలివైనవాళ్ళని తర్వాత తెలిసింది. అత్తగారితో పడక వేరుపడ్డ కోడళ్ళు, తమ ఇంట్లో నలుగురు తేలేసరికి అదే అత్తగారి కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తెచ్చుకున్నారు. ఎనిమిదిమంది ఉన్న ఇంట్లో పెద్దాయన పోతే, కళ్ళు తుడుచుకుంటూనే వేళ్ళమీద లెక్క చూసుకున్నారు. ఇప్పుడు మా తెప్ప మీద నలభై మూడు ఇళ్ళుంటే నలభై రెండు ఇళ్ళలో ఇద్దరో, ముగ్గురో, అయిదుగురో, ఏడుగురో.

సాయంత్రం తూనిక కాగితం వదిలింది. ఒకే పేరు. పైడితల్లి, ఇంటి సంఖ్య ఒకటి.

నిర్వచనం తీసి చూశాను. నా దస్తూరీయే. "ప్రధాన సంఖ్య: ఒకటి కంటే పెద్దదై, ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది." ఒకటి కంటే పెద్దదై అన్న మాట కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. అవి గర్వంతో గీసిన గీతలు. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదని రాసిన సూత్రం, ఉన్న ఒక్క ఒంటరి మనిషినీ వెతికి పట్టుకుంది.

పుట 3

పైడితల్లికి నేనే చెప్పాలి, అది కూడా ఉద్యోగంలో భాగమే. చెప్పాను. ఆవిడ సుత్తి కింద పెట్టలేదు.

"డ్రమ్ము కారతందని సెప్పింది నానే. దిగేదీ నానేనా?" అంది. "అవతలి తెప్పంటే తొమ్మిది రోజుల పెయానం. నాకక్కడ ఎవులున్నారు మేస్టారూ?"

పక్కిల్లు ఆవిడ చెల్లెలు గవరమ్మది. అయిదుగురు. గవరమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా వింది. మాఘంలో అక్కని ఇంట్లోకి ఎందుకు తెచ్చుకోలేదని నేను అడగలేదు, అయినా ఆవిడే చెప్పింది.

"మా అప్ప వస్తే ఆరైపోతాం మేస్టారూ. ఆరంటే ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. నా పిల్లల్లో ఎవుల్నొగ్గీమంటారు?" అని అక్కవైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. గోడకి ఇవతల పైడితల్లి, అవతల గవరమ్మ. ఒకే చేపని రెండు ముక్కలు చేసి గోడమీంచి అందించుకునేవాళ్ళు. మధ్యలో ఉన్నది నేను రాసిన అయిదు అంకె.

ఇంటికొచ్చాక రాజ్యం నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆవిడ అలా కూర్చుందంటే నాకు అన్నం దిగదు.

"ఫాల్గుణంలో నేనేమన్నానో గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఇళ్ళ జాబితాకి ముద్ర పడకముందే పైడితల్లిని మనింట్లో రాసేసుకుందాం, మనం ఇద్దరం, ఆవిడతో ముగ్గురం, మూడు కూడా కదలని సంఖ్యేగా అంది. నేనేమన్నానో కూడా గుర్తుంది. సరిసంఖ్యల్లో ప్రధాన సంఖ్య రెండొక్కటే, అంత అందమైన సంఖ్యని పాడుచేసుకోవడమా అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. ఇప్పుడు జాబితాకి ముద్ర పడిపోయింది. వానలు వెళ్ళేదాకా, ఎవరైనా పుడితేనో పోతేనో తప్ప, ఏ ఇంటి లెక్కా మారకూడదు.

సిగ్గుతో మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాను.

పుట 4

సరంగు నూకరాజు దగ్గరికి వెళ్ళాను. అతనిది ఏడుగురి ఇల్లు, అందుకని ధీమాగా ఉంటాడు.

"ఈ సూత్రంలో చిన్న పొరపాటుంది" అన్నాను.

"ఇరవై ఏళ్ళకి కనబడిందేటి మేస్టారూ?" అన్నాడు. "నా బామ్మర్దిని పంపినప్పుడు మీరేమన్నారు? సూత్రానికి కళ్ళు లేవన్నారు. ఇప్పుడు కళ్ళెక్కడినుండి తెస్తారు?"

"ఒకటిని ప్రధాన సంఖ్య కాదనడం ఒట్టి ఏర్పాటు. పాతకాలంలో కొందరు అవుననే అనుకునేవారు. అసలు ఒకటి సంఖ్యే కాదని, రెండు నుంచే సంఖ్యలు మొదలనీ వాదించినవాళ్ళు కూడా ఉన్నారు."

"మరి మీరేటనుకుంటన్నారు?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. సరంగు తాడు చుట్టుకుంటూ, ఏదనుకున్నా పడవొచ్చేలోగా అనుకోమన్నాడు.

పుట 5

అనుకున్నాను. పొద్దున్నే వెళ్ళి "ఒకటి కంటే పెద్దదై" అన్న మాట కొట్టేశాను. ఒకటి కూడా ప్రధానమే అని తూనికకి చెప్పాను. ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదా అని నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికొచ్చి పడుకున్నాను.

ఆ మాట అక్కడ ఎందుకుందో మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా విడగొట్టే దారి ఒక్కటే ఉండాలి. అలా ఉండాలనే ఒకటిని పక్కనపెట్టారు. మనుషుల సర్దుబాటుకి ముందు తూనిక ప్రతి ఇంటినీ విడగొట్టి కాగితం మీద అచ్చువేస్తుంది. ఒకటిని నేను లోపలికి రానిచ్చాను కదా. నేను వెళ్ళేసరికి కాగితం గది నుంచి బయటికి, మెట్ల మీంచి కిందికి పాకుతూ ఉంది.

5 = 5 × 1 × 1 × 1 × 1 × 1 × 1 × 1

అది గవరమ్మ ఇల్లు. తూనిక పట్టుదలగా ఆ ఒక్క ఇంటినే రాస్తోంది. అది ముగిస్తేగానీ తర్వాతి ఇంటికి వెళ్ళదు, అదేమో ముగియదు. ఆడవాళ్ళు నెలరోజులు కప్పుల మీద ఎండబెట్టిన నాచు కాగితం మొత్తం అయిపోయాక ఆగింది. సరంగు మెట్ల మీద కూర్చుని, కాగితాన్ని మూరల్లో కొలుస్తున్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టేసిన మాటని మళ్ళీ రాసి, తలొంచుకుని వచ్చేశాను.

పుట 6

ఎవరితోనూ మాట్లాడలేదు. ఉప్పు గీకాను. నాకు తెలిసిన గణితమంతా ఒక మనిషిని పక్కింట్లో కూర్చోబెట్టడానికి పనికిరాలేదని బాధగా ఉంది. బాధలో కూడా, గీకిన ఉప్పుని కుప్పకి పదకొండు గరిటెల చొప్పున పెట్టానని రాజ్యం చూసి చెప్పింది.

పుట 7

పాడైన కాగితాన్ని జనం తలా ఇంత చింపుకుపోయారు. ఈవేళ పైడితల్లి మాకు ఎండుచేపలు తెచ్చింది. పోయేముందు ఎవరికి పెట్టాల్సింది వాళ్ళకి పెట్టేస్తోందట. చేపలు ఆ కాగితంలోనే చుట్టి ఉన్నాయి. ఆవిడ చేపలు గిన్నెలోకి దులిపి, కాగితం సాపు చేసి చూస్తూ నిలబడింది.

"ఇది మా గవర ఇల్లేనా?" అంది.

"అవును. అయిదు."

"ఈటన్నింటినీ ఒకట్లే అంటారు గదా?"

"అవును. నా తెలివితక్కువతనానికి గుర్తులు."

ఆవిడ డ్రమ్ములు లెక్కపెట్టినట్టు వేలితో ఒక్కొక్క ఒకటినీ తట్టుకుంటూ కాగితం చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇన్నొకట్లు తగిలించినా అయిదు కదలనేదు గదా మేస్టారూ. మరి నానొక్కదాన్నీ సేరితే ఆరెందుకైపోతాది?"

"నిన్ను కలిపితే ఆరమ్మా. ఇక్కడ కలపలేదు, గుణించా..." అని ఆగిపోయాను.

రాజ్యం వంటగట్టు దగ్గర్నుంచి తిరిగి చూసింది. నేను కాగితం చూశాను. జాబితాకి ముద్ర పడ్డాక ఏ ఇంటి లెక్కా మారకూడదు. అయిదుని ఒకటితో గుణిస్తే లెక్క మారదు. ఒకటి ప్రధానం కాదు, విడగొట్టగలిగేదీ కాదు. అది మూడో రకం. ఎవరి పక్కన చేరినా వాళ్ళని వాళ్ళలాగే ఉండనిచ్చే రకం. ఇరవై ఏళ్ళు దాన్ని లోటు అనుకున్నాను, దానికున్న గుణం అదేనని తట్టలేదు.

"ఏటైనాదండీ?" అని పైడితల్లి రాజ్యాన్ని అడిగింది.

"ఏం లేదు పైడీ, నువ్వు చెప్పింది ఆయనకి ఇప్పుడే అర్థమైంది. కాస్త టైం పడుతుంది, కూర్చో" అంది రాజ్యం.

పుట 8

సభ. అందరూ వచ్చారు. లేచి కొత్త నిర్వచనం చదివాను. "ఒంటరిగా ఉన్న మనిషిని ఏ ఇంటితోనైనా, ఆ ఇంటివారూ ఆ మనిషీ ఒప్పుకుంటే, గుణించవచ్చు. అలా గుణింపబడిన ఒకటిని ఆ ఇంటి నుంచి విడదీసి చూడరాదు."

"ఎదురుగా మనిషి కనబడతంది. లెక్కకి కనబడదంటే ఎలాగండీ?" అన్నాడు సరంగు.

"మీ ఇల్లెంత?"

"ఏడు."

"ఏడు ఇంటూ ఒకటి?"

అతను పెదవులు కదిపాడు. రెండోసారి కూడా కదిపాడు. "ఏడే" అన్నాడు. మోసం ఎక్కడుందో వెతుకుతున్నవాడిలా మొహం పెట్టి కూర్చున్నాడు.

ఎవరింటితో గుణించాలి అని అడగాల్సిన అవసరం రాలేదు. గవరమ్మ వెనక వరసలోంచి లేచింది. ఏడుస్తూనే ఉంది. "మా అయిదుకి కట్టండి మేస్టారూ" అంది. పైడితల్లి ఆవిడకేసి చూసి చిన్నగా తలూపింది.

తూనికకి వినిపించాను. చాలాసేపు ఆలోచించింది. తర్వాత రెండే వరసలు, పొదుపుగా.

"విడగొట్టదగ్గ మనుషులు లేరు. దిగవలసిన బరువు యాభై కిలోలు."

బరువు సంగతి నేను మర్చిపోయాను. సంఖ్యలతో పని పూర్తయితే సముద్రంతో కూడా పూర్తయినట్టేనని నా నమ్మకం. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రాజ్యం మాత్రం నన్నే చూసింది.

"మనింట్లో ఒక పెట్టె ఉంది" అంది.

"అది తెప్పలో భాగం" అన్నాను. "దేన్ని తీసేస్తే తెప్ప తెప్పగా మిగలదో అది తెప్పలో భాగం. ఆ పుస్తకాలు లేకపోతే నిర్వచనాలు లేవు, నిర్వచనాలు లేకపోతే..."

ఎంత బాగా మాట్లాడానంటే, పెట్టె మోసుకురావడానికి నలుగురు లేచారు. సభ మధ్యలో పెట్టారు. పైడితల్లి వచ్చి సుత్తితో దాన్ని మూడుచోట్ల తట్టి, చెవి పెట్టి విన్నది.

"ఇది తెప్పని మొయ్యదు మేస్టారూ" అంది. "తెప్పే దీన్ని మోస్తంది."

తూచారు. యాభై ఎనిమిది కిలోలు. మిగిలిన ఎనిమిది కిలోలకి వచ్చే పడవలో చింతపండు తెప్పించుకోవచ్చని ఎవరో అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నా గణితానికి అంత ఆనందంగా చప్పట్లు కొట్టగా వినలేదు.

పుట 9

పడవ వచ్చి వెళ్ళింది. పెట్టె కూడా వెళ్ళింది. అందులో నేను ఇరవై ఏళ్ళుగా రాస్తున్న పుస్తకం ఉంది, సున్నా గురించి. ఇంకా మొదటి అధ్యాయం పూర్తికాలేదు. అవతలి తెప్ప మీద ఎవరైనా చదివి, తప్పులు చూసి నవ్వుకుంటారని తలుచుకుంటే గుండె బరువెక్కింది. ఆ బరువు తూనిక పట్టించుకోలేదు.

పడవ వెళ్ళాక పెద్ద పుస్తకంలో శాశ్వతంగా రాయాలి. అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. పైడితల్లి రెండు చేతుల్లోనూ సగం సగం చేసిన చేప ఉంది, గోడ మీంచి అందుకున్నదో అందించబోయేదో. నేను కలం ముంచి, 5 అని వెయ్యబోతున్నాను.

"ఆగండి" అంది పైడితల్లి. "నన్ను సివర్న తగిలించొద్దు. నా అంకె ముందు రాయండి. రాస్తే లెక్క మారతాదా?"

మారదు. అయిదు ఇంటూ ఒకటి ఎంతో, ఒకటి ఇంటూ అయిదూ అంతే. ఇది నేను మూడో తరగతి పిల్లలకి చెప్పిన పాఠం. చెప్పినన్నాళ్ళూ అది ఎవరికైనా అవసరం పడుతుందని అనుకోలేదు. గవరమ్మకేసి చూశాను. "అప్పే ముందు పుట్టింది. ముందే రాయండి" అందావిడ.

1 × 5 అని రాశాను. ఒకటిని కొంచెం పెద్దగా రాశాను.

తర్వాత కలం పక్కన పెట్టి ఫాల్గుణంలో జరిగింది చెప్పాను. రాజ్యం ఏమందో, నేనేమన్నానో, రెండు ఎంత అందమైన సంఖ్య అన్నానో, అన్నీ. దాచకుండా చెప్పి, తప్పు నాదేనమ్మా అన్నాను. పైడితల్లి వింటూ నిలబడింది. కోపం వచ్చిందో లేదో మొహంలో తెలియలేదు. డ్రమ్ము తట్టాక కూడా ఆవిడ మొహం అలాగే ఉంటుంది, చప్పుడు మొత్తం ఆగేదాకా ఏమీ అనదు.

"మరిప్పుడు మీ ఇంటితో కూడా గుణించీగలరా?" అంది చివరికి.

"ఎన్ని ఇళ్ళతోనైనా" అన్నాను. "ఎవరి లెక్కా చెడదు."

"అయితే రాయండి. మాపటికి మీ ఇంటికే వస్తాను అన్నానికి." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అక్కడ కూడా నా అంకే ముందు."